ఓడిపోయిన సవరణలు

తెనాలి,
నవంబరు 12.

చి. వసంతకు,


నువ్వు పంపిన రెండు వీడియోలూ చూశాను. ఒకాయన రాజ్యాంగమంతా అంబేద్కర్ గారు ఒంటిచేత్తో రాశారంటాడు. రెండో ఆయన అసలు చిత్తుప్రతి బి.ఎన్. రావుగారిదని, మిగతాదంతా మెరుగులు దిద్దడమేనని అంటాడు. నెలాఖరున రాజ్యాంగ దినోత్సవానికి మీ లా కాలేజీలో పావుగంట మాట్లాడాలి కాబట్టి ఎవరి మాట నిజమో తేల్చి చెప్పమన్నావు. ఫోనులో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చదువు. నా దస్తూరీ గురించి మీ అమ్మకు ఫిర్యాదు చెయ్యకు.

ముందు నువ్వడిగినదానికి జవాబు. బెనెగల్ నరసింగరావుగారు రాజ్యాంగ సభలో సభ్యులు కారు, సభకు సలహాదారు. కమిటీల నివేదికలన్నీ ముందేసుకుని 1947 అక్టోబరుకల్లా 243 అధికరణాలతో ఒక చిత్తుప్రతి తయారుచేశారు. అంబేద్కర్ గారి అధ్యక్షతన ముసాయిదా కమిటీ దాన్ని తిరగరాసి 1948 ఫిబ్రవరిలో 315 అధికరణాలుగా బయటపెట్టింది. సభ చర్చ ముగించేసరికి అవి 386 అయ్యాయి, ఆఖరి రూపంలో 395. అది ఏ ఒక్కరి చేతిరాతా కాదని ఈ నాలుగు అంకెలే చెబుతున్నాయి. అయితే కమిటీలో ఏడుగురి పేర్లున్నా పని ఎవరి నెత్తిన పడిందో టి.టి. కృష్ణమాచారి సభలోనే చెప్పారు. ఒకరు రాజీనామా ఇచ్చారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉండిపోయారు, ఇంకొకరికి ప్రభుత్వ పనులతోనే సరిపోయింది, ఒకరిద్దరు ఆరోగ్యం బాగాలేక ఢిల్లీకి దూరంగా ఉన్నారు, చివరికి బరువంతా అంబేద్కర్ గారే మోశారు అని. కాబట్టి ఆయన్ని తక్కువ చేసే వీడియో తప్పు. ఇక ఆయన ఒక్కరే రాశారనే వీడియోను ఆయనే ఒప్పుకోరు. 1949 నవంబరు 25న చేసిన ఆఖరి ప్రసంగంలో ఆ ఘనతలో రావుగారికీ, ముసాయిదాకు భాష కూర్చిన ఎస్.ఎన్. ముఖర్జీకీ వాటా ఉందని పేరుపేరునా చెప్పారు. ఆ తగువు ఇక్కడితో వదిలెయ్.

ఆ ప్రసంగంలోనే ఇంకో మాట ఉంది, చాలామంది దాటేసిపోతారు. సభలో తనను ముప్పుతిప్పలు పెట్టినవాళ్లను ఆయన మెచ్చుకున్నారు. కామత్, పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్, సిధ్వా, సక్సేనా, ఠాకూర్‌దాస్ భార్గవ, కె.టి. షా, కుంజ్రూ. వీళ్లే లేకపోతే అది తలలూపేవాళ్ల సభ అయ్యేదన్నారు. వాళ్ల సవరణలకు తాను ఒప్పుకోకపోయినా, రాజ్యాంగం వెనకున్న సూత్రాలు విప్పి చెప్పే అవకాశం వాళ్లవల్లే దొరికిందన్నారు. మొత్తం 7,635 సవరణలు అందితే సభలో ప్రతిపాదనకు వచ్చినవి 2,473. వాటిలో వీగిపోయినవీ, వెనక్కి తీసుకున్నవీ బోలెడు. నన్నడిగితే నీ పావుగంటా ఆ వీగిపోయినవాటి గురించే మాట్లాడు. నెగ్గినవి ఎలాగూ మీ పాఠ్యపుస్తకంలో ఉన్నాయి. ఓడినవి మాత్రం ఆ తర్వాత మన చరిత్రలో ఎక్కడో ఒకచోట మళ్లీ లేచి వచ్చాయి.

సభ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నీ శ్రోతలు అదేదో ఋషుల గోష్ఠి అనుకుంటారు. 1946 డిసెంబరు 9న ఢిల్లీలో మొదటిసారి కూర్చుంది. సభ్యుల్ని జనం నేరుగా ఎన్నుకోలేదు, ఎక్కువమందిని రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్నాయి. ఆ శాసనసభలకు ఓటేసినవాళ్లేమో ఆస్తో, పన్నో, చదువో ఉన్నవాళ్లు. ముస్లింలీగ్ మొదట్లో బహిష్కరించింది. విభజన తర్వాత 389 స్థానాలు కాస్తా 299 అయ్యాయి. వాళ్లలో అత్యధికులు కాంగ్రెసువాళ్లే. పెద్ద విషయాలు చాలావరకు ముందు పార్టీ సమావేశంలో తేలేవి, ఆ మాటలు సభ రికార్డుకెక్కలేదు. ఇన్ని లోపాలున్న సభే దేశంలోని ప్రతి వయోజనుడికీ, చదువుతోనూ ఆస్తితోనూ ఆడామగా తేడాతోనూ పని లేకుండా, ఒక్కసారే ఓటు ఇచ్చింది. అంబేద్కర్ గారు బెంగాల్ నుంచి గెలిచిన స్థానం విభజనతో పోతే, అంతవరకూ ఆయనతో తగువు పడుతూ వచ్చిన కాంగ్రెసే ఆయన్ని బొంబాయి నుంచి మళ్లీ లోపలికి తెచ్చుకుంది. ఈ రెండు పనులూ నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మనవాళ్లూ తక్కువేం లేరు. ప్రకాశం పంతులుగారు, పట్టాభి, రంగాగారు, సంజీవరెడ్డి, తిరుచానూరు నుంచి అనంతశయనం అయ్యంగార్. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ముసాయిదా కమిటీలోనే ఉన్నారు. తనకన్నా సమర్థుడని అంబేద్కర్ గారే ఆయన పేరు చెప్పారు. రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మ సభలోని 15 మంది స్త్రీలలో ఒకరు. పైసభలో కూర్చోవడానికి 35 ఏళ్లు నిండాలని ముసాయిదా అంటే, తెలివికీ వయసుకూ ముడిపెట్టొద్దని 30కి దించే సవరణ తెచ్చి నెగ్గించుకున్నారు. ఇది నీ ఈడు పిల్లలకు నచ్చుతుంది, చెప్పు.

అయితే మీ నాన్న వైపు నుంచి చూడు. హైదరాబాదు సంస్థానం నుంచి ఆ సభలో ఒక్కరూ లేరు. సరోజినీ నాయుడు హైదరాబాదు మనిషే అయినా ఎన్నికైంది బిహారు నుంచి. 1948 సెప్టెంబరు దాకా నిజాం కలవనన్నాడు, ఆ తర్వాత కూడా సంస్థానం నుంచి సభ్యులెవరూ వెళ్లలేదు. 1949 నవంబరు 23న, అంటే సభ రాజ్యాంగాన్ని ఆమోదించడానికి మూడురోజుల ముందు, ఈ రాజ్యాంగం మాకూ వర్తిస్తుందని నిజాం ఒక ఫర్మానా ఇచ్చాడు. హన్మకొండలో మీ ముత్తాత తరానికి ఆ చర్చలో పాలు అంతే. తెలంగాణ తలరాతను మార్చిన అధికరణం మీద తెలంగాణవాడు ఒక్కడూ నోరు విప్పే వీలు లేకపోయింది. చిత్రమేమిటంటే, ఆ రోజు సభలో దాన్ని నిలబెట్టింది ఆంధ్రుల పేరు చెప్పి.

అదే మూడో అధికరణం. కొత్త రాష్ట్రాలు చెయ్యడం, ఉన్నవాటి హద్దులు మార్చడం పార్లమెంటు చేతిలో పెట్టేది. 1948 నవంబరులో ఇది చర్చకు వచ్చింది. కె.టి. షా అని ఒక ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ ఉండేవారు, సవరణల మీద సవరణలు వేసే మనిషి. ఆయన లేచి, ఒక రాష్ట్రాన్ని చీల్చే ప్రతిపాదన ఏదైనా ఆ రాష్ట్ర శాసనసభలోనే పుట్టాలి, ఢిల్లీలో పుట్టకూడదు అన్నారు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ఇల్లు ఎవరిదో వాళ్లనడగకుండా గోడ కూల్చడమేమిటి?

దానికి అడ్డొచ్చినాయన మద్రాసుకు చెందిన తమిళుడు కె. సంతానం. తర్వాత అవినీతి మీద కమిటీకి అధ్యక్షత వహించిన సంతానం ఈయనే. షా గారు తన సవరణకు అర్థమేమిటో తెలుసుకున్నారా అని అడిగారు. మద్రాసు రాష్ట్రాన్నే చూడండి అన్నారు. ఆంధ్రులు వేరుపడతామంటున్నారు. మద్రాసు శాసనసభలో తీర్మానం పెడతారు, మెజారిటీ దాన్ని ఓడిస్తుంది. ఇక అంతే, కథ ముగిసిపోతుంది. షా గారి సవరణ నెగ్గితే ఏ రాష్ట్రంలోనూ తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లు ఎన్నటికీ విడివడలేరు అన్నారు. ఉమ్మడి కుటుంబంలో వేరు పోతానన్న తమ్ముడికి అన్నలందరూ ఒప్పుకుంటేనే పంపకం అంటే, ఆ పంపకం జన్మలో జరగదు కదా, ఆ మాటే ఇది. షా సవరణ వీగిపోయింది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, అంతవరకే. ఒప్పుదల అక్కర్లేదు.

ఒక తమిళుడు తన రాష్ట్రం చీలిపోయే దారి తెరిచి ఉంచమని వాదించాడు, అది చూడు. ఆ ఏడే ధర్ కమిషన్ భాషారాష్ట్రాలు ఇప్పుడొద్దంది. మరుసటి ఏడు, అంటే 1949లో, నెహ్రూ, పటేల్, పట్టాభి ముగ్గురి కమిటీ మద్రాసు నగరం వదులుకుంటే ఆంధ్ర సంగతి చూడొచ్చంది. పొట్టి శ్రీరాములుగారు ప్రాణం పెట్టాక 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మూడో అధికరణం కిందే. 1956లో తెలంగాణతో కలిపింది కూడా దాని కిందే. ఈలోగా 1955లో రాజ్యాంగాన్ని సవరించి, అభిప్రాయం చెప్పడానికి రాష్ట్రాలకు గడువు పెట్టే అధికారం రాష్ట్రపతికి ఇచ్చారు. గడువు దాటితే ఆ అభిప్రాయం కోసం ఆగక్కర్లేదు. అభిప్రాయం అడిగితే చాలు, దానికి కట్టుబడక్కర్లేదని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక 2014. జనవరిలో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ పునర్విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. రాష్ట్ర సభ కాదన్నదాన్ని ఢిల్లీ ఎలా చేస్తుందని మా వైపు ఊరూరా అడిగారు, మీ అమ్మతో సహా. వాళ్లకు తెలియకుండానే వాళ్లు మాట్లాడింది ప్రొఫెసర్ షా మాట. మెజారిటీ ఒప్పుకునేదాకా ఆగితే మాకు రాష్ట్రం ఎప్పటికి వచ్చేను అన్న మీ నాన్నది సంతానం మాట. 66 ఏళ్ల కిందట ఆంధ్రుల కోసం చెప్పిన వాదన అక్షరం పొల్లుపోకుండా తెలంగాణకు పనికొచ్చింది. మీ ఇంట్లో ఆ ఫిబ్రవరి నెలంతా ఎలా గడిచిందో నీకు గుర్తుండకపోవచ్చు. నేను మాత్రం అల్లుడితో ఆ సంగతి ఎత్తకుండా క్రికెట్ మాట్లాడేవాణ్ణి.

నా తీర్పు అడుగుతావు. సంతానం చెప్పిందే సరి అని నా నమ్మకం, ఇష్టం ఉన్నా లేకున్నా. ఆయన మాట కాదంటే 1953నీ కాదనాలి. కాని షా అడిగిన ప్రశ్న చచ్చిపోలేదు. ఒప్పుదల అక్కర్లేనప్పుడు అభిప్రాయం అడగడం ఉత్త తంతుగా మారకుండా ఆపేదేమిటి? దానికి సభ జవాబు చెప్పలేదు. లోక్‌సభలో ఆ రోజు తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి, అరుపుల మధ్య బిల్లు గట్టెక్కిన తీరు చూస్తే ఆ జవాబు లేని లోటు తెలుస్తుంది.

ఓడిపోయినవాటిలో రెండోది గవర్నరు ఎన్నిక. ఇది ఇంకా రుచికరమైన కథ, ఎందుకంటే ఇక్కడ సభ తన మాట తానే తిరగేసింది.

1947 జులైలో పటేల్ గారి కమిటీ, గవర్నరును రాష్ట్ర ప్రజలే వయోజన ఓటుతో నేరుగా ఎన్నుకోవాలి, పదవి నాలుగేళ్లు అని సిఫారసు చేసింది. సభ ఒప్పుకుంది. బ్రిటిష్ గవర్నర్ల కింద నలిగినవాళ్లకు అది సహజంగానే తోచింది. కాని ముసాయిదా రాసే దగ్గర చిక్కొచ్చింది. గవర్నరుకూ ప్రజల ఓటే, ముఖ్యమంత్రికీ ప్రజల ఓటే అయితే ఇద్దరికీ పడనప్పుడు ఎవరి మాట చెల్లాలి? అందుకని ముసాయిదాలో రెండు దార్లు పెట్టారు. ఒకటి నేరుగా ఎన్నిక, రెండోది శాసనసభ నలుగురి పేర్లు ఎన్నుకుని పంపితే రాష్ట్రపతి ఒకరిని తీసుకోవడం. 1949 మే నెల చివర్లో చర్చకు వచ్చేసరికి రెండూ పోయాయి. బిహారుకు చెందిన బ్రజేశ్వర ప్రసాద్ మూడో దారి పట్టుకొచ్చారు, రాష్ట్రపతే నియమించాలి అని. సభ దాన్నే తీసుకుంది.

ఈ రెండేళ్ల మధ్య ఏం జరిగిందో నీకు వేరే చెప్పాలా? విభజన, నెత్తురు, శరణార్థులు, కాశ్మీరు, హైదరాబాదు. రాష్ట్రానికో ఎన్నికైన అధిపతి ఉంటే ఎవరి దారి వాళ్లు చూసుకుంటారన్న భయం పట్టుకుంది. నెహ్రూ ఆ మాటే చెప్పారు. పైగా ఎన్నిక ఖర్చన్నారు. రాజకీయాల్లో మరీ మునగని పెద్దమనుషుల్ని, విద్యలోనో మరో రంగంలోనో పేరున్నవాళ్లను బయటి రాష్ట్రాల నుంచి తెచ్చుకోవచ్చని ఆశపడ్డారు. అల్లాడివారు లాయరు కదా, గవర్నరు పేరుకే అధిపతి, మంత్రివర్గం సలహా మీద నడుస్తాడు, అతన్ని వేసేటప్పుడు రాష్ట్ర మంత్రివర్గాన్ని సంప్రదించే ఆనవాయితీ మెల్లగా అదే ఏర్పడుతుంది అన్నారు. అంబేద్కర్ గారూ ఈ వాదానికే మొగ్గారు. సొంతంగా చెలాయించే అధికారమే లేని పదవికి ఎన్నికైతేనేం, నియామకమైతేనేం అన్నది ఆయన లెక్క.

ఎదురు చెప్పినవాళ్లలో మన పొరుగు గంజాం మనిషి విశ్వనాథ దాస్ ఒకరు. గవర్నర్ల సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1938లో ఒరిస్సా ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) ఉన్నప్పుడు, మంత్రుల కింద పనిచేసే అధికారినే తాత్కాలిక గవర్నరుగా వేస్తే, రాజీనామా చేస్తామని పట్టుబట్టి ఆ నియామకాన్ని ఆపించిన మొండిఘటం. ఢిల్లీలో ఒక పార్టీ, రాష్ట్రంలో మరో పార్టీ వచ్చిన రోజున ఢిల్లీ పంపిన గవర్నరు ఎవరి మనిషి అవుతాడన్నది ఆ పక్షం భయం. దేశమంతా ఒకే పార్టీ ఉన్న ఆ రోజుల్లో అది దూరపు ఊహలాగా కనబడి ఉంటుంది. ఓడిపోయారు. ఒక పిట్టకథ చెప్పనా? అదే విశ్వనాథ దాస్ 1962లో ఉత్తరప్రదేశ్ గవర్నరు అయ్యారు. ఆ సభలోనే కూర్చున్న పట్టాభి మధ్యప్రదేశ్‌కూ, అనంతశయనం అయ్యంగార్ బిహారుకూ గవర్నర్లుగా వెళ్లారు. పదవి తీపి అని వెక్కిరించకు, వాళ్లు ముగ్గురూ మర్యాదస్థులే.

కాని మర్యాదస్థులు ఎల్లకాలం దొరకరు. 1984 ఆగస్టు 16న, గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఎన్.టి. రామారావుగారిని గవర్నరు రామ్‌లాల్ ముఖ్యమంత్రి పదవి నుంచి తీసేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. ఎవరికి బలముందో సభలో తేల్చనే లేదు. శాసనసభ్యుల్ని హైదరాబాదులో స్టూడియోలో దాచి, తర్వాత కర్ణాటక నందికొండల మీదకు తీసుకుపోయి, మధ్యలో ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబెట్టి బలం చూపించాల్సి వచ్చింది. నేనప్పుడు డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెబుతున్నాను. గవర్నరు రాజ్యాంగబద్ధమైన అధిపతి మాత్రమే అని నోట్సు చెప్పబోతే క్లాసంతా గొల్లుమంది. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, రామారావుగారు మళ్లీ ప్రమాణస్వీకారం చేశారు. అదీ ఊరూరా జనం రోడ్డెక్కితే. ఈలోపు గవర్నరునూ మార్చారు, శంకర్‌దయాళ్ శర్మ వచ్చారు. మెజారిటీ తేలాల్సింది సభలోనే తప్ప రాజ్‌భవన్‌లో కాదని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పడానికి 1994 బొమ్మై తీర్పుదాకా ఆగాల్సి వచ్చింది. ఆ తీర్పు నీకు నాకన్నా బాగా తెలిసుండాలి.

ఎన్నికైన గవర్నరు ఉండి ఉంటే బాగుండేదా? నాకు నమ్మకం లేదు. ముఖ్యమంత్రికీ గవర్నరుకూ రోజూ కోడిపుంజుల కొట్లాటే అయ్యేది. నా అభ్యంతరమల్లా వేరే. అల్లాడివారు చెప్పిన సంప్రదించే ఆనవాయితీ నోటిమాటగానే ఉండిపోయింది, అధికరణంలోకి ఎక్కలేదు. అంతటి న్యాయవాది, కక్షిదారుల దస్తావేజుల్లో ఒక్క మాట గాలికి వదలని మనిషి, దేశం దస్తావేజులో ఆ వాక్యం ఎందుకు వదిలారో! ఎదురుగా కూర్చున్నవాళ్లు నెహ్రూ, పటేల్. వాళ్లను చూసి వాళ్ల తర్వాత వచ్చేవాళ్లను నమ్మారు. ముఖ్యమంత్రిని సంప్రదించాకే గవర్నరును వెయ్యమని 1983లో వేసిన సర్కారియా కమిషన్ చెప్పినా, ఇప్పటికీ అది ఢిల్లీ దయ మీదే ఉంది.

మిగతావి టూకీగా చెబుతాను, కావాలంటే నువ్వే వెతుక్కో. 1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేద్కర్ గారు పల్లెటూరిని అజ్ఞానానికీ సంకుచిత బుద్ధికీ నెలవని తీసిపారేశారు. గాంధీగారి శిష్యులు భగ్గుమన్నారు, రంగాగారూ ప్రకాశం పంతులుగారూ ముందు వరసలో. గ్రామాన్ని పునాది చేసి రాజ్యాంగాన్నే మళ్లీ కట్టాలన్న వాదన నెగ్గలేదు. అదే సంతానంగారు తెచ్చిన గ్రామ పంచాయతీల అధికరణాన్ని నవంబరు 22న అంబేద్కర్ గారు పట్టింపు లేకుండా ఒప్పుకున్నారు, అదే 40వ అధికరణం. ఆదేశిక సూత్రంగా 40 ఏళ్లకు పైగా నిద్రపోయి, 1993లో 73వ సవరణతో లేచింది. ఇందులో ఎవరిది ఒప్పని నన్నడగొద్దు. ఊరి నడిబొడ్డున పుట్టిన పంతులుగారికి కనబడ్డ ఊరు వేరు, ఊరవతల వాడ నుంచి అంబేద్కర్ గారు చూసిన ఊరు వేరు. తెనాలి చుట్టుపక్కల రెండూ నేను చూశాను. ఆయన కోపం ఊరికే రాలేదు.

బి.ఎన్. రావుగారు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్‌తో మాట్లాడి వచ్చాక, మనిషి స్వేచ్ఛను హరించే చట్టం న్యాయమైనదేనా అని కోర్టు అడిగే వీలు ముసాయిదాలోంచి జారిపోయింది. దాన్ని తిరిగి పెట్టమని కాజీ కరీముద్దీన్ తెచ్చిన సవరణ 1948 డిసెంబరులో ఓడింది. 30 ఏళ్లకు, మేనకా గాంధీ కేసులో, సుప్రీంకోర్టు దాన్ని దొడ్డిదారిన లోపలికి తెచ్చింది. రాజ్యాంగంలో సోషలిస్టు, సెక్యులర్ అనే మాటలు పెట్టాలని షా అడిగితే 1948లో కాదన్నారు, 1976లో ప్రవేశికలో చేర్చారు. అది కూడా ఎమర్జెన్సీ చీకట్లో, ప్రతిపక్షం జైల్లో ఉండగా. షా గారు సంతోషించి ఉండేవారని నేననుకోను. ఆ ఎమర్జెన్సీ అధికారాల మీదే 1949 ఆగస్టులో కామత్ గింజుకుని గింజుకుని, ఓటింగు అయిపోయాక ఇది సిగ్గుపడాల్సిన రోజని చెప్పి కూర్చున్నారు. రాష్ట్ర ప్రభుత్వాల్ని రద్దుచేసే అధికారం వాడకుండా మూలపడి ఉంటుందని అంబేద్కర్ గారు ఆశపడ్డారు. మన ప్రకాశంగారి మంత్రివర్గం 1954లో కర్నూలులో ఒక్క ఓటు తేడాతో పడిపోతే ఆంధ్రకూ ఆ రుచి తగిలింది. సభలోని ఏకైక కమ్యూనిస్టు సోమనాథ్ లాహిరి, ఈ ప్రాథమిక హక్కుల్లో చాలావాటిని పోలీసు కానిస్టేబుల్ కళ్లతో చూసి రాశారని 1947లోనే అన్నారు. విచారణ లేకుండా నిర్బంధించే వీలు రాజ్యాంగంలోనే ఉంచిన సభ అది. తెలంగాణలో అప్పుడు కమ్యూనిస్టుల మీదకు పంపిన సైన్యం క్యాంపులున్నాయి. ఇదీ చెప్పు, దాచకు. అట్లా అని ఓడినవాళ్లంతా ప్రవక్తలని కూడా చెప్పకు. అమెరికా పద్ధతిలో అధ్యక్షుణ్ణి పెట్టాలన్న షా వాదన ఓడిపోవడమే మన అదృష్టం.

నీకు పావుగంటే ఉంది కాబట్టి ఇవన్నీ ఇరికించకు. మూడో అధికరణం ఒక్కటి తీసుకుంటే చాలు, లేదా గవర్నరు ఒక్కడు. మీ కాలేజీ లైబ్రరీలో రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు ఉండకపోవు. 1948 నవంబరు 17, 18 తేదీల చర్చలున్న సంపుటం తీయించు. వీడియోలు చేసేవాళ్ల మాట, చివరికి నా మాట కూడా నమ్మకుండా ఆ పేజీలు నువ్వే చదువు. సంక్రాంతికి వచ్చేటప్పుడు వాటి నకళ్లు తీసుకురా. షా మాట్లాడింది మీ నాన్న చేత, సంతానం మాట్లాడింది మీ అమ్మ చేత పైకి చదివిద్దాం.

అమ్మమ్మ నీకోసం సున్నుండలు పంపుతోంది. సగం మీ రూమ్మేట్లకు పెట్టు.

ఇట్లు,
మీ తాతయ్య